బూడిద సంవత్సరంలో అల్లాహ్ ఆతిథ్యం

హిజ్రీ శకం 18వ సంవత్సరం (క్రీ.శ. 639) అరబ్బు చరిత్ర గ్రంథాలలో అంకెతో గాక పేరుతోనే ఎక్కువగా ప్రసిద్ధి చెందింది. దానిని "ఆముర్రమాదా" అన్నారు. "రమాద్" అంటే బూడిద. వర్షాలు లేక హిజాజ్ నేల మాడి బూడిద రంగుకు తిరిగిందనీ, గాలి వీచినప్పుడల్లా బూడిద వంటి ధూళి లేచేదనీ, అందుచేత ఆ పేరు వచ్చిందనీ చరిత్రకారులు వ్రాశారు. ఆ ధాతువుకు "నశించుట" అనే అర్థం కూడా ఉన్నదని భాషావేత్తలు చెబుతారు. తమను దహించిన సంవత్సరానికి పేరు పెట్టి జ్ఞాపకముంచుకొనడం మనకూ తెలిసినదే. 1832-33లో గుంటూరు సీమను తుడిచిపెట్టిన క్షామాన్ని మన పెద్దలు నందన కరువు అన్నారు. 1876-78 నాటి దానిని ధాత కరువు అన్నారు. తేదీ మరచిపోయినా పేరు మరువరు.

ఈ బూడిద సంవత్సరాన్ని మన ప్రసంగాలలో తరచు వింటుంటాము. కరువు వచ్చింది, హజ్రత్ ఉమర్ (రజి) దైవప్రవక్త (స) పినతండ్రి హజ్రత్ అబ్బాస్ (రజి)ను వెంటబెట్టుకొని వర్షం కొరకు ప్రార్థించారు, వాన కురిసింది అని ముగిస్తారు. ఇందులో అసత్యమేమీ లేదు. అయితే కరువు మొదలైన నాటికీ వాన కురిసిన నాటికీ మధ్య సుమారు తొమ్మిది నెలలు గడిచాయి. ఆ తొమ్మిది నెలలు జనం ఏమి తిన్నారు? ఎవరు వండారు? ఎవరు పంచారు? ఆకలితో చనిపోయినవారి సంగతి ఏమిటి? కష్టకాలంలో అల్లాహ్ తన దాసులను ఎలా ఆదరిస్తాడని అడిగేవారికి సమాధానం వాన కురిసిన దినంలో కంటె ఆ తొమ్మిది నెలలలోనే ఎక్కువగా దొరుకుతుంది. ఈ వ్యాసం వాటిని గురించి.

రెండు పదాలు

ముందుగా రెండు పదాలను పరిశీలించాలి. దివ్య ఖుర్ఆన్‌లో "రిజ్ఖ్" అన్న మాటను తెలుగులో "ఉపాధి" అని అనువదించడం వాడుక అయింది. ఇది చెడ్డ అనువాదం కాదు గాని, నేటి పాఠకునికి ఉపాధి అనగానే ఉద్యోగం స్ఫురిస్తుంది. రిజ్ఖ్ అంతకంటె విస్తృతమైనది. తల్లి గర్భంలోని శిశువుకు అందేది, పిచ్చుక ముక్కుకు దొరికేది, రోగి నోట పడే జావ చుక్క, ఇవన్నీ రిజ్ఖే. భూమిపై సంచరించే ప్రతి ప్రాణి పోషణ భారం అల్లాహ్‌దేనని హూద్ సూరాలో చెప్పబడింది. ఖురైష్ సూరాలో ఆయన ఖురైషీయులకు ఆకలిలో అన్నం పెట్టినవానిగా, భయంలో అభయమిచ్చినవానిగా తనను పరిచయం చేసుకొన్నాడు.

రెండవది "నుజుల్". బాటసారి వాహనం దిగగానే అతని ముందు పెట్టే ఆతిథ్యానికి ఆ పేరు. స్వర్గవాసులకు లభించే సత్కారానికి ఖుర్ఆన్ ఈ పదాన్నే వాడింది. తెలుగులో దీనికి దగ్గరగా వచ్చేది "విడిది". విడిదిలో బస ఉన్నది, భోజనం ఉన్నది, వచ్చినవానిని గౌరవంగా చూచుకొనే మనిషీ ఉన్నాడు. కేవలం అన్నం పడవేస్తే అది విడిది కాదు.

రిజ్ఖ్ అల్లాహ్‌దైనప్పుడు, దానిని విడిది మర్యాదతో అందించడం ఆయన దాసుల వంతు అయింది. మదీనాలో ఈ భావన తొలినాళ్ళనుండే ఉన్నది. మస్జిదె నబవీలో ఇల్లూ వాకిలీ లేక సుఫ్ఫా అరుగుపై ఉండే సహాబీలను హజ్రత్ అబూ హురైరా (రజి) ఇస్లాం అతిథులని పేర్కొన్నారు. వారిని ఎవరూ యాచకులనలేదు. బూడిద సంవత్సరంలో ఈ అతిథుల సంఖ్య డజన్ల నుండి వేలకు పెరిగింది. పాత మర్యాద నిలుస్తుందా లేదా అన్నదే ఆ సంవత్సరం పెట్టిన పరీక్ష.

కరువు స్వరూపం

అడవి మృగాలు సైతం ఆకలికి తాళలేక మనుషుల నివాసాల దరికి చేరాయని తబరీ (మరణం హి. 310) వ్రాశాడు. గొర్రెను కోసినవాడు దాని బక్కచిక్కిన వికృత రూపం చూచి తినలేక వదలివేసే స్థితి వచ్చిందట. హిజాజ్‌లో పెద్ద నదులు లేవు. ఖర్జూర తోటలున్న ఒయాసిస్సులను మినహాయిస్తే, సంచార తెగల బ్రతుకంతా పచ్చికపైనా పశువులపైనా ఆధారపడినది. వాన తప్పితే పచ్చిక లేదు, పచ్చిక లేకుంటే పాలు లేవు, పాలు లేకుంటే మార్చుకొని ధాన్యం తెచ్చుకొనేందుకు చేతిలో ఏమీ లేదు. అందుచేత తెగలకు తెగలు తమ గుడారాలు విప్పుకొని మదీనా వైపు నడిచి వచ్చాయి. నగరం చుట్టూ నలుదిక్కులా వారి మకాములు వెలిశాయి.

అదే కాలంలో సిరియాలో అమ్వాస్ మహామారి ప్రబలింది. ఒకవైపు రాజధానిలో ఆకలి, మరొకవైపు సైన్యమున్న చోట ప్లేగు. ఖలీఫా పదవికి వచ్చి హజ్రత్ ఉమర్ (రజి)కు అప్పటికి ఐదేళ్ళే అయింది.

రాని వారి లెక్క

ఇబ్ను సఅద్ (మరణం హి. 230) తన "తబఖాత్" గ్రంథంలో ఈ సంవత్సరపు వృత్తాంతాలను విడివిడిగా, ఎవరు చూచినది వారు చెప్పినట్లుగా సేకరించాడు. మనకు అత్యంత విలువైన వివరాలు వాటిలోనే ఉన్నాయి.

మదీనా చుట్టూ ఉన్న మకాములను హజ్రత్ ఉమర్ (రజి) దిక్కులవారీగా విభజించి, ఒక్కొక్క వైపుకు ఒక్కొక్క మనిషిని నియమించారు. మిస్వర్ బిన్ మఖ్రమా, అబ్దుర్రహ్మాన్ బిన్ అబ్దిల్ ఖారీ, అబ్దుల్లా బిన్ ఉత్బా బిన్ మస్ఊద్ మొదలైనవారు ఈ పనిలో ఉన్నారు. ప్రతి సాయంకాలం వారంతా ఖలీఫా వద్ద సమావేశమై ఆనాటి పరిస్థితిని విన్నవించేవారు. తెల్లవారకముందే, సహరీ వేళకే, పనివారు పెద్ద పెద్ద దేగుల వద్దకు చేరేవారు. తెల్లవారేసరికి వంట సిద్ధమయ్యేది. ముందుగా రోగులకు పెట్టేవారు. పిండితో సంకటి వండేవారు. నూనెను బాగా కాచి, దాని వేడి గుణం తగ్గిన తరువాతనే వాడవలెనని ఖలీఫా ఆజ్ఞ. పాలూ నెయ్యీ తిని పెరిగిన ఎడారివాసులకు నూనె తిండి ఒంటికి పడక జ్వరాలు వచ్చేవి. వంటింటి సంగతి అంత సూక్ష్మంగా గమనించిన పాలకులు చరిత్రలో తక్కువ.

ఒక రాత్రి భోజనాలయ్యాక, మన వద్ద తిన్నవారెందరో లెక్కించండని ఆయన అన్నారు. లెక్కిస్తే సుమారు ఏడు వేలు వచ్చింది. అక్కడితో ఆయన తృప్తిపడలేదు. మన వద్దకు రాని కుటుంబాలను, రోగులను, పిల్లలను కూడా లెక్కించండన్నారు. ఆ లెక్క నలభై వేలయింది. కొన్ని రాత్రుల పిమ్మట మళ్ళీ లెక్కిస్తే వచ్చి తిన్నవారు పది వేలు, రానివారు యాభై వేలు తేలారు.

ఇవి వేలలో చెప్పిన స్థూల సంఖ్యలు. నేటి జనగణన పద్ధతిలో వీటిని పట్టుకొనరాదు. అయితే అంకెలను ఎంత తగ్గించుకొన్నా వాటి నిష్పత్తి మనతో మాట్లాడుతున్నది. భోజనం వద్దకు నడిచి వచ్చినవానికి ఐదింతలు, ఆరింతలు మంది నడిచి రాలేనివారు ఉన్నారు. ఏడు వేల మంది తింటున్న దృశ్యాన్ని చూచి ఏ పాలకుడైనా సంతోషించి నిద్రపోవచ్చును. హజ్రత్ ఉమర్ (రజి) రెండవ ప్రశ్న అడిగారు. ఆ రెండవ ప్రశ్నవల్లనే అన్నం నలభై వేల గుడారపు నోళ్ళకు చేరింది. రిజ్ఖ్ వాగ్దానం వచ్చినవానికే గాక రానివానికీ వర్తిస్తుందని ఆయన ఎరుగును.

ఇంత చేసినా మరణాలు ఆగలేదు. మకాములలో చావు ప్రవేశించిందనీ, ఖలీఫా స్వయంగా వెళ్ళి ఒకేమారు పదేసి మందికి జనాజా నమాజు చేయించేవారనీ ఇబ్ను సఅద్ ఉల్లేఖనాలలో ఉన్నది. ఈ మాటను దాటవేయరాదు. విశ్వాసులు ప్రార్థిస్తే ఎవరూ చనిపోరనీ, సత్పాలకుడుంటే ఆకలి అంటదనీ చెప్పేవారు ఈ పుటను చదవలేదన్నమాట. అల్లాహ్ ఆతిథ్యమంటే మరణం లేకపోవడం కాదు. చనిపోయినవానిని సైతం ఒంటరిగా వదలకపోవడం అందులోని భాగం.

ఖలీఫా భోజనం

జనానికి వాన పడి ప్రాణం లేచివచ్చేవరకు నెయ్యి, పాలు, మాంసం రుచి చూడనని హజ్రత్ ఉమర్ (రజి) ఒట్టు పెట్టుకొన్నారు. జైతూన్ నూనెతో రొట్టె తిన్నారు. స్వతహాగా తెల్లని దేహచ్ఛాయ గల ఆయన ఆ సంవత్సరం నల్లబడిపోయారని చూచినవారు చెప్పారు. కడుపులో పేగులు అరిస్తే, ఎంత అరచినా జనానికి దొరికేవరకు నీకింతకంటె వేరే లేదని తన పొట్టకే చెప్పుకొన్నారట.

ఒకనాడు బజారులోకి ఒక తిత్తి నెయ్యి, ఒక తిత్తి పాలు వచ్చాయి. సేవకుడు వాటిని నలభైకి కొని తెచ్చాడు. ఒట్టు తీరిపోయిందనుకొన్నాడో, ఖలీఫా ఆరోగ్యం చూచి జాలిపడ్డాడో! చాలా ఎక్కువ ధర పెట్టావంటూ ఆయన రెండింటినీ దానం చేయించారు. జనానికి తగిలిన దెబ్బ నాకు తగలకుంటే వారి స్థితి నాకెలా తెలుస్తుందన్నది ఆయన ఉద్దేశం.

మరొకనాడు తన పిల్లలలో ఒకని చేతిలో పుచ్చకాయ చూచారు. ముహమ్మద్ (స) సముదాయం బక్కచిక్కి ఉండగా ఖలీఫా కొడుకు పండ్లు తింటున్నాడా అని గద్దించారు. పిల్లవాడు ఏడ్చుకొంటూ పారిపోయాడు. విచారిస్తే, వాడు గుప్పెడు ఖర్జూరపు గింజలిచ్చి ఆ కాయను మార్చుకొన్నాడని తెలిసింది. అప్పుడుగాని ఆయన ఊరుకోలేదు. పిల్లవాని పక్షాన నిలబడి చూస్తే ఇది కొంత కఠినమే. ఇలాంటి వివరాన్ని ఉల్లేఖకులు దాచకుండా చెప్పినందువల్లనే మిగిలిన వృత్తాంతంపై మనకు నమ్మకం కలుగుతున్నది.

ఆయన విముక్తి చేసిన సేవకుడు అస్లమ్ తరువాతి కాలంలో, ఆ కరువు తొలగిపోకుంటే ముస్లింలను గురించిన దిగులుతోనే ఉమర్ చనిపోతారని మేమనుకొనేవాళ్ళమన్నాడు.

సగం కడుపు

అతిథి సత్కారం మూడు దినాలనీ, ఆపైన చేసేది సదఖా అనీ హదీసులో ఉన్నది. బూడిద సంవత్సరపు అతిథులు మూడు దినాలు కాదు, నెలల తరబడి ఉన్నారు. బైతుల్ మాల్ ఖాళీ అయితే ఏమి చేయాలన్నది ఖలీఫాను వేధించిన ప్రశ్న. దానికి ఆయన ఒక సమాధానం సిద్ధం చేసుకొన్నారు. ఇక మార్గం లేకపోతే ప్రతి ఇంటిలో ఎందరున్నారో అందరిని మరి ఆకలిగొన్నవారిని ఆ ఇంటికి చేరుస్తాననీ, వారు సగం సగం కడుపు పంచుకొంటారనీ, సగం కడుపుతో ఎవరూ చావరనీ అన్నారు.

ఈ మాట ఆకాశం నుండి ఊడిపడినది కాదు. హిజ్రత్ చేసి వచ్చిన ముహాజిర్లను అన్సార్లు తమ ఇళ్ళలో, తోటలలో భాగస్వాములుగా చేర్చుకొన్న సోదరబంధానికి ఇది కొనసాగింపు. తమకే అవసరమున్నా ఇతరులకు ప్రాధాన్యమిచ్చే ఆ అన్సార్లను హష్ర్ సూరా ప్రశంసించింది. ఇద్దరి భోజనం ముగ్గురికి చాలునన్న ప్రవక్త (స) బోధ దీనికి మూలం. యమన్‌కు చెందిన అష్అరీ తెగవారు తిండి తక్కువైనప్పుడు ఇంటింట ఉన్నదంతా ఒకే గుడ్డపై పోసి, ఒకే పాత్రతో సమంగా కొలిచి పంచుకొనేవారనీ, అందుకు ప్రవక్త (స) వారిని తనవారిగా చెప్పుకొన్నారనీ బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉన్నది.

ఈ యోచన చివరకు అమలులోకి రావలసిన అవసరం కలుగలేదు. అయినా దీని విలువ తక్కువ కాదు. రాజ్యం చేతులెత్తేసినచోట ఇల్లు మొదలవుతుందన్న నియమం ఇందులో ఉన్నది.

చట్టం మెత్తబడిన సంవత్సరం

కరువు సంవత్సరంలో దొంగతనానికి చేయి నరకరాదని హజ్రత్ ఉమర్ (రజి) ఆదేశించినట్లు హదీసు సంకలనాలలో ఉల్లేఖించబడింది. ఇమాం అహ్మద్ బిన్ హంబల్ ఈ అభిప్రాయాన్ని స్వీకరించారు. ఇమాం ఇబ్నుల్ ఖయ్యిమ్ తన "ఇఅలాముల్ మువఖ్ఖిఈన్"లో దీనిని వివరిస్తూ, ఆకలితో తీసుకొన్నవానిని అవసరం లేకుండా తీసుకొన్నవానినుండి వేరుచేయడం అలాంటి సంవత్సరంలో కష్టమనీ, అంతటి సందేహం ఉన్నచోట శిక్ష నిలువదనీ వాదించారు. అంటే ఖలీఫా చట్టాన్ని రద్దు చేయలేదు; చట్టం కోరే షరతులు ఆ సంవత్సరం నెరవేరలేదని గుర్తించారు.

ఇదే ధోరణి చూపే మరొక సంఘటన ఇమాం మాలిక్ "మువత్తా"లో ఉన్నది. హాతిబ్ బిన్ అబీ బల్తఆ కుటుంబపు బానిసలు ముజైనా తెగవాని ఒంటెను దొంగిలించి కోసుకొని తిన్నారు. వారిని యజమాని ఆకలికి మాడుస్తున్నాడని గ్రహించిన ఖలీఫా శిక్షను యజమాని వైపు మళ్ళించారు. ఒంటె ధర నాలుగు వందల దిర్హములైతే ఎనిమిది వందలు కట్టించారు. ఇది బూడిద సంవత్సరంలోనే జరిగినట్లు మువత్తాలో లేదు. కొందరు వక్తలు అలా కలిపి చెబుతారు. కాలం ఏదైనా సూత్రం ఒకటే: ఆకలిగొన్నవానిని విచారించడానికి ముందు అతనికి అన్నం పెట్టవలసినవాడెవడో విచారించాలి.

జకాత్ విషయంలోనూ ఇలాగే జరిగింది. ఆ సంవత్సరం పశువులపై జకాత్ వసూలు చేయవలసిన అధికారులను ఖలీఫా పంపలేదు. వానలు కురిసి పశువులు కోలుకొన్న మరుసటి సంవత్సరం పంపి, రెండేళ్ళ జకాత్ తీసుకొనమన్నారు. అందులో ఒక సంవత్సరపు భాగాన్ని అక్కడికక్కడే ఆ ప్రాంతపు పేదలకు పంచి, రెండవదానిని మాత్రమే మదీనాకు తెమ్మన్నారు. దేవుని హక్కు మాఫీ కాలేదు, దాసుని నడుమూ విరగలేదు.

ధాన్యం ఎక్కడినుండి వచ్చింది?

ఖలీఫా రాష్ట్ర పాలకులకు లేఖలు వ్రాశారు. తబరీ కథనం ప్రకారం అందరికంటె ముందు వచ్చినవారు సిరియా సేనాని హజ్రత్ అబూ ఉబైదా (రజి). నాలుగు వేల ఒంటెలపై ఆహారం వేసుకొని స్వయంగా వచ్చారు. పంపిణీ భారం కూడా ఖలీఫా ఆయనకే అప్పగించారు. పని ముగిశాక నాలుగు వేల దిర్హములు ఇవ్వబోతే, నేను అల్లాహ్ కొరకు చేశాను, దీనిలోకి ప్రపంచాన్ని తేవద్దని ఆయన నిరాకరించారు. నీవు అడగకుండా వచ్చినదానిని తీసుకొనడంలో తప్పు లేదనీ, ప్రవక్త (స) తనకూ ఇలాగే ఇవ్వగా తానూ ఇలాగే వద్దన్నాననీ, అయినా ఆయన ఇచ్చారనీ ఖలీఫా నచ్చజెప్పగా స్వీకరించారు. ఇచ్చేవాడు కూడా ఒక సమయంలో పుచ్చుకొనవలసినవాడే. ఆతిథ్యంలో ఈ రెండవ సగం మొదటిదానికంటె కష్టం.

అంతటి హజ్రత్ అబూ ఉబైదా (రజి) అమ్వాస్ మహామారిలో కన్నుమూశారు. ఎక్కువమంది చరిత్రకారులు దానిని కూడా హి. 18లోనే చేర్చారు. వేలమందికి అన్నం మోసుకొని వచ్చినవానికి ఈ లోకంలో ప్రత్యేకమైన కవచమేదీ దొరకలేదు. మేలు చేసినవానికి కష్టం రాదనే సులభ సిద్ధాంతాన్ని మొదటి తరం ముస్లింలు ఎన్నడూ నమ్మలేదు.

ఇక ఈజిప్టు విషయం. హజ్రత్ అమ్ర్ బిన్ ఆస్ (రజి) ఈజిప్టు నుండి ధాన్యం పంపారనీ, వచ్చిన ఒంటెలలో రోజుకు ఇరవై కోసి జనానికి పెట్టారనీ ఉల్లేఖనాలున్నాయి. ఇక్కడ ఒక చిక్కున్నది. ముస్లిం సైన్యం ఈజిప్టు సరిహద్దు దాటినదే హి. 18 చివర, అంటే క్రీ.శ. 639 డిసెంబరులో. బాబిలోన్ కోట 641లో లొంగింది. మరి కరువు కాలంలో అక్కడి ధాన్యం ఎలా వచ్చినట్లు? హాఫిజ్ ఇబ్ను కసీర్ ఈ చిక్కును గుర్తించి, కరువు హి. 18 తరువాతిదైనా కావాలి, లేక అమ్ర్ ప్రస్తావన పొరపాటైనా కావాలని వ్రాశారు. అమ్ర్ అప్పటికి పాలస్తీనాలో ఉన్నందున ధాన్యం అక్కడినుండి వచ్చిందనీ, ఈజిప్టు నౌకల ముచ్చట తరువాతి సంవత్సరాలదనీ అనుకొంటే ఉల్లేఖనాలు చాలావరకు పొసగుతాయి. మన పూర్వ విద్వాంసులు ఇష్టమైన కథను సైతం తేదీలతో కొలిచి చూచారన్నది మనం నేర్వదగినది.

వాన

ఈ తొమ్మిది నెలలూ ఖలీఫా రాత్రులు ప్రార్థనలో గడిపారు. ముహమ్మద్ (స) సముదాయం తన చేతులలో నాశనం కాకూడదన్నది ఆయన వేడుకోలు. వర్షం కొరకు మింబరెక్కినప్పుడు క్షమాపణ వేడుకొనడం తప్ప ఎక్కువేమీ పలకలేదట. ఎందుకని అడిగితే, క్షమాభిక్షకూ వర్షానికీ సంబంధాన్ని తెలిపే నూహ్ సూరా వాక్యాలను గుర్తు చేశారు. హజ్రత్ అబ్బాస్ (రజి)ను ముందుంచుకొని ప్రార్థించిన సంగతి హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖనగా బుఖారీలో ఉన్నది. దాని ఆధారంగా వసీలా విషయమై తరువాతి విద్వాంసులలో జరిగిన చర్చ ఇక్కడ అప్రస్తుతం. ఒక్కటి మాత్రం స్పష్టం: సాయంకాలం లెక్కలు విన్నవాడే రాత్రి కన్నీరు కార్చాడు. ప్రార్థిస్తున్నాను గనుక వంట ఆపలేదు. వండిస్తున్నాను గనుక ప్రార్థన మానలేదు.

వాన కురిసింది. అప్పుడు కూడా ఆయన అతిథులను వెళ్ళండని ఊరక చెప్పలేదు. ఏ దిక్కు మనిషికి ఆ దిక్కు మకాములను అప్పగించి, ప్రతి కుటుంబానికి దారి బత్తెం, ఎక్కి వెళ్ళేందుకు వాహనం ఇప్పించి ఎడారికి సాగనంపారు. తాను స్వయంగా వెంట ఉండి పంపారని చూచినవారు చెప్పారు. విడిది మర్యాద వీడ్కోలుతో పూర్తి అయింది.

చీటీలు, కాలువ

మంచి పని తరువాత ఏమయిందో కూడా చరిత్రకారుడు చెప్పాలి. కరువు నేర్పిన పాఠంతో, పిమ్మటి సంవత్సరాలలో నైలు నదినుండి ఎర్రసముద్ర తీరాన నేటి సూయజ్ వద్దనున్న ఖుల్జుమ్ రేవు వరకు పూడిపోయిన పురాతన కాలువను హజ్రత్ అమ్ర్ (రజి) తిరిగి త్రవ్వించారు. దానికి "అమీరుల్ మూమినీన్ కాలువ" అని పేరు వచ్చింది. ఈజిప్టు ధాన్యం మదీనా రేవైన జార్‌కు నౌకలలో చేరసాగింది. ఆ త్రవ్వకంలో ఈజిప్టు ప్రజలు నిర్బంధంగా పనిచేయవలసి వచ్చిందని అదే శతాబ్దానికి చెందిన నికియూ బిషప్ జాన్ ఫిర్యాదు చేశాడు. అతడు విజేతలకు వ్యతిరేకి గనుక కొంత తగ్గించి చదివినా, మన పళ్ళెంలోకి వచ్చిన రొట్టె వెనుక ఎవరి చెమట ఉన్నదో తెలుసుకొనడం మన ధర్మం.

జార్‌లో ధాన్యం తీసుకొనేందుకు ప్రజలకు చీటీలిచ్చేవారు. మర్వాన్ బిన్ హకమ్ మదీనా పాలకునిగా ఉన్న కాలంలో జనం ఆ చీటీలను, ధాన్యం చేతికి రాకముందే, ఒకరికొకరు అమ్ముకొనసాగారు. హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి), మరొక సహాబీ వెళ్ళి, వడ్డీని హలాల్ చేస్తావా అని పాలకుని నిలదీశారు. భటులు కొన్నవారి చేతులలోనుండి చీటీలను లాగుకొని అసలు హక్కుదారులకు ఇచ్చారు. ఆకలి తీర్చేందుకు పుట్టిన ఏర్పాటు ఒక తరం గడవకముందే బేరసారాల వస్తువైంది! ఇది కూడా మువత్తాలోనే ఉన్నది.

కాలువకు ఇంతకంటె దుర్గతి పట్టింది. హి. 145 (క్రీ.శ. 762)లో మదీనాలో ముహమ్మద్ నఫ్సె జకియ్యా తిరుగుబాటు చేసినప్పుడు, అబ్బాసీ ఖలీఫా మన్సూర్ ఆ నగరానికి ధాన్యం అందకుండా కాలువను పూడ్పించాడని చరిత్రకారులు వ్రాశారు. మదీనాకు అన్నం పెట్టేందుకు ఒక ఖలీఫా త్రవ్వించినదానిని, మదీనాను మాడ్చేందుకు మరొక ఖలీఫా పూడ్చించాడు. ఇద్దరూ అమీరుల్ మూమినీన్ అనే పిలువబడ్డారు. రిజ్ఖ్ అల్లాహ్‌దే, దాని దారిలో మన చేయి దేగు మీదనైనా ఉండవచ్చు, కాలువ గట్టు మీద పారతోనైనా ఉండవచ్చు. తీర్పు దినాన అడగబడేది ఆ చేతిని గురించే.

నేడు మన ఊళ్ళలో జకాత్ సంఘాలున్నాయి, రంజాన్ నెలలో దస్తర్‌ఖాన్‌లు పరచబడుతున్నాయి, వరదలు తుఫానులు వచ్చినప్పుడు మస్జిదులలో వంటలు జరుగుతున్నాయి. వచ్చి తిన్నవారి సంఖ్య నివేదికలలో అచ్చవుతుంది, అది మంచిదే. ఆ సంఖ్య క్రింద మరొక గీత గీచి, రానివారి సంఖ్య వ్రాసే అలవాటు మనకింకా రాలేదు. మంచం పట్టిన ముసలివాడు, పర్దా విడిచి వరుసలో నిలబడలేని వితంతువు, నిన్నటివరకు పదిమందికి పెట్టి నేడు చేయి చాపలేక తలుపు వేసుకొన్న గృహస్థు ఆ రెండవ గీత క్రిందివారు. అడిగేవానికి పెట్టడం అందరికీ తెలుసు. అడగనివాని హక్కును కూడా ఖుర్ఆన్ విశ్వాసుల సంపదలో పేర్కొన్నది. బూడిద సంవత్సరంలో ఒక రాత్రి, ఏడు వేలమంది తిని లేచిన తరువాత, ఖలీఫా ఆ హక్కును లెక్కకు తెచ్చారు. కష్టకాలంలో అల్లాహ్ ఆతిథ్యం తమ వాకిలికి ఎందుకు రాలేదని మనలో ఎవరైనా ఆక్రోశిస్తే, దానిని మోసుకొని రావలసినవారు దారిలో ఎక్కడ ఆగిపోయారో వెదకవలసిన బాధ్యత మిగిలిన మనందరిదీ. అల్లాహ్ మనకు ఆ వెదకే కాళ్ళను, లెక్కించే ఓపికను ప్రసాదించుగాక!